పైకి లేచిన అడుగులు

ఆర్డిస్ నీగార్డ్ కడుపులో మాట దాగేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పొద్దున్న ఏదైనా చూసిందంటే సాయంత్రానికల్లా ఎవరికో ఒకరికి చెప్పేయాలి, లేకపోతే తిన్నది అరగదు. అలాంటి మనిషి ఆ చలికాలమంతా ఒక గుడ్లగూబను నోట్లో పెట్టుకుని తిరిగింది.

చెప్పుకోవడానికి ఇంతకుముందు లోవెల్ ఉండేవాడు. ఊళ్ళో ఇళ్ళ నేలమాళిగల్లో ఉండి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసేవాడు. పెద్దగా మాట్లాడే రకం కాదు. ఇంటికొచ్చి, బూట్లు విప్పి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "ఇవాళ ఏం చూశావు?" అనేవాడు. అంతే ఆయన మాట. ఇక ఆ తర్వాత మాటలన్నీ ఆర్డిస్‌వే. ఏ కొమ్మ మీద ఏ పిట్ట వాలింది, ఎవరింటి కుక్క ఎవరి చెత్తడబ్బా పడదోసింది, చెరువు ఏ ఒడ్డు నుంచి గడ్డకట్టడం మొదలుపెట్టింది, అన్నీ. ఆయన బిస్కట్ కాఫీలో ముంచుకుంటూ వినేవాడు. బిస్కట్ విరిగి కాఫీలో పడిపోయిందంటే ఆవిడ చెప్పింది బాగుందన్నమాట. చివరి ఏడాది కాళ్ళు పడిపోయాక ఆయన బయటికి రాలేదు. అప్పుడు ఆర్డిస్ ఊరి చెట్ల తోటకు, ఆర్బొరేటానికి, వెళ్ళింది చెట్లు చూడటానికి కాదు, ఆయనకు కబుర్లు మోసుకురావడానికే.

ఇప్పుడు ఆయన లేకుండా వచ్చిన రెండో చలికాలం. ఏం చూశావని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు. ఆయన చేత్తో బిగించిన ఫర్నేసు మాత్రం నేలమాళిగలో ఉండుండి ధన్‌మంటూ అంటుకునేది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఆర్డిస్ తల ఎత్తేది.

మిగిలిందల్లా పిట్టల్ని చూస్తూ నడిచే గురువారం జట్టు. ఆర్బొరేటం గేటు పక్కన ఇనప పొయ్యి ఉన్న గది ఒకటి ఉంది, గురువారం పొద్దున్నే అందరూ అక్కడ చేరేవాళ్ళు. పొయ్యి చుట్టూ కుర్చీలు, మధ్యలో ఆ ఊరి అలవాటు ప్రకారం గుడ్డు కొట్టి కాచిన కాఫీ, ఎవరో ఒకరు తెచ్చిన ఖర్జూరపు బిళ్ళలు. వరసగా ఒక్కొక్కరూ ఆ వారం తాము చూసింది చెప్పాలి, తర్వాత ఎటు నడవాలో తేల్చుకోవాలి. అది ఆ జట్టు పద్ధతి. మంచి సంగతి చెప్పినవాళ్ళ వైపు కుర్చీలన్నీ జరిగేవి. ఎక్కడ, ఎప్పుడు, ఎటు చూస్తూ ఉంది అని ఒకటే అడగడం. నడకలో వాళ్ళదే ముందు వరస. ఏమీ చూడలేదన్నవాళ్ళకు బిళ్ళల పళ్ళెం అందించి, పక్కవాళ్ళ వైపు తిరిగేవాళ్ళు. చెడ్డవాళ్ళని కాదు. మనిషి సహజం అంతే.

డిసెంబరులో మొదటి పెద్ద మంచు పడ్డాక ఒక రోజు ఆర్డిస్ ఒంటరిగా నడుస్తుంటే, సెడార్ చెట్ల గుంపులో నల్లటోపీ పిట్టలు గోలగోలగా తిడుతూ కనిపించాయి. గద్దో గుడ్లగూబో కనపడితే తప్ప ఆ పిట్టలు ఊరికే తిట్టవు. ఆవిడ బాట దిగి, మోకాలి లోతు మంచులో కాళ్ళీడ్చుకుంటూ దగ్గరికి వెళ్ళింది. ఒక సెడార్ మాను మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు. కింద మంచు మీద అది తిని కక్కిన, బొచ్చూ ఎముకలూ కలిసిన బూడిదరంగు ఉండలు. మెల్లగా తల ఎత్తింది. సరిగ్గా ఆవిడ నుదుటి ఎత్తులో, కొమ్మల గుబురులో, గుప్పిట్లో పట్టేంత గుడ్లగూబ. దక్షిణానికి ముఖం పెట్టి, ఎండకు కళ్ళు మూసుకుని, కాళ్ళ కింద దేన్నో పొదుగుతూ కూర్చుంది. చూస్తే అది గుడ్డు కాదు, గడ్డకట్టిన ఎలుక. ఒంటి వేడితో కరిగించుకుని తర్వాత తింటుంది. రాత్రి చద్దిని పొయ్యి అంచున పెట్టుకున్నట్టు.

ఆర్డిస్‌కు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి కోటు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒకటి చూశాను" అంది. ఎవరూ ఏమని అడగలేదు. కాసేపటికి కింద ఫర్నేసు ధన్‌మంది. సరేలెమ్మని దానికే చెప్పింది.

మరి గురువారం జట్టుకు చెప్పవచ్చు కదా అంటారా. రెండేళ్ళ కిందట ఆరిన్ అలాగే చెప్పాడు. మంచు ఎత్తే లారీ నడిపి రిటైరైనవాడు, నవ్వకుండా ఏ మాటా అనలేడు, మెడలో మోచేతంత కెమెరా వేలాడుతుంటుంది. పైన్ తోపులో చెవుల గుడ్లగూబ ఉందన్నాడు. జట్టును నడిపించే మార్లిస్ ఆ సంతోషంలో ఫోన్లో అందరికీ తెలియజేసింది. మధ్యాహ్నానికి పట్నం నుంచి కార్లు వచ్చాయి. అది కళ్ళు తెరవాలని ఒకడు చప్పట్లు కొట్టాడు. ఒకడు ఫోన్లో దాని కూతే వినిపించాడు. అది పట్టపగలు తోపు దాటి ఎగిరింది, నీలి జే పిట్టలు వెంటపడ్డాయి. మర్నాడు గద్ద తినగా మిగిలిన రెక్క ఒకటి కంచె పక్కన దొరికింది. ఆరిన్ చాలాకాలం ఆ రెక్క ఊసే ఎత్తలేదు. జోకులు మాత్రం పెంచాడు. ఆ కబురు ఆర్డిస్ ఇంటికి మోసుకెళ్ళినప్పుడు లోవెల్ బిస్కట్ ముంచడం ఆపి, "గూడు కనిపెట్టినవాళ్ళు నోరు కట్టుకోవాలి" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట అనడమే అరుదు.

అందుకని ఆవిడ కట్టుకుంది. వారంలో వీలైన పొద్దుటల్లా బాట దిగి వెళ్ళేది. ఎక్కువ మంచు తొక్కితే గుర్తులు పడతాయని, ఎప్పుడూ తన పాత అడుగుల గుంటల్లోనే అడుగు పెట్టేది, ఒక్కటీ పక్కకు పడకుండా. వెనక్కి వచ్చేటప్పుడూ అవే గుంటలు. మీద కొత్త మంచు రాలితే అంతా మూసుకుపోయేది. తన జాగ్రత్త చూసి తనకే ముచ్చటేసేది. కాసేపు దాని ముఖం చూసి, ఒక మాట మాట్లాడకుండా వచ్చేసేది. గురువారం వంతు వచ్చినప్పుడు, "ఏమీ లేదు, మంచే" అనేది. పళ్ళెం అందేది. కుర్చీలు అవతలికి జరిగేవి. జనవరి వచ్చేసరికి ఆవిడ వంతు వచ్చినా మార్లిస్ సరిగా ఆగేది కాదు. ఆరిన్ మాత్రం, "ఆర్డిస్ మంచు లెక్క ఎవరైనా రాసుకోండి" అని నవ్వేవాడు. అదొక్కటే ఆవిడకు అందిన పలకరింపు.

జట్టులో ఆవిడలాగే ఏమీ చూడని మనిషి ఇంకొకరున్నారు. డాగ్నీ స్లెట్టెన్. బడి వంటశాలలో ముప్పాతిక ఊరికి అన్నం వండిపెట్టిన ముసలమ్మ. మంచు మీద జారిపోకుండా పాత స్కీ కర్ర ఒకటి ఊతంగా పట్టుకుని నడిచేది. మూల కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకుంటూ, వంతు రాగానే "చలిని చూశాను" అనేది. ఆవిడతో మాట కలపడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. చిన్నప్పుడు ఆవిడ గరిటె కింద పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాళ్ళే సగం మంది.

జనవరి నడుమ ఒక మంగళవారం దక్షిణపు గాలి తిరిగింది. వాన పడింది. చూరుల నుంచి పగలంతా నీళ్ళు, తోటంతా మంచు కుంగిపోయి గుంజుకుపోయింది. బుధవారం రాత్రి ఉత్తరం గాలి మళ్ళీ కొట్టి, ఉన్నదంతా అద్దంలా బిగదీసింది. గురువారం పొద్దున్న గుడ్లగూబ ఎలా ఉందో చూసి, తర్వాత జట్టులో కలుద్దామని ఆర్డిస్ ముందుగా బయల్దేరింది. సెడార్ల దగ్గర బాట మలుపు తిరిగి, అక్కడే నిలబడిపోయింది.

ఆవిడ అడుగులు పైకి లేచాయి.

చుట్టూ మెత్తటి మంచంతా కరిగి దిగిపోయింది. ఆవిడ తొక్కి తొక్కి బిగించిన చోట్లు మాత్రం కరగలేదు. గుంటలుగా ఉన్నవి ఇప్పుడు దిమ్మలయ్యాయి. గోధుమరంగు గడ్డి మీద తెల్లటి అడుగులు, ఒక్కొక్కటీ బెత్తెడు ఎత్తున, బూటు మడమ గీతలతో సహా, బాట అంచు నుంచి సరాసరి ఆ సెడార్ మాను దాకా వరసగా నడిచి వెళ్ళాయి. మనిషి కనపడడు, నడక కనపడుతుంది. ఒక్కసారి తొక్కి వదిలేసి ఉంటే మిగతా మంచుతో పాటే పోయేవి. జాగ్రత్త పడ్డందుకే మిగిలాయి.

మడమతో ఒక దిమ్మను తన్నింది. కాలు అదిరింది గాని అది కదల్లేదు. ఆ చప్పుడుకు గుబురులో గుడ్లగూబ ఒక పసుపు కన్ను సగం తెరిచింది. ఆర్డిస్ చేతులు వేలాడేసి నిలబడింది. జట్టు మామూలుగా నడిచేది ఈ బాటనే. ఇంకాసేపట్లో ఆరిన్ కెమెరా, మార్లిస్ ఫోను ఈ మలుపు తిరుగుతాయి. చిన్నపిల్లవాడైనా ఆ వరస పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చేస్తాడు. నెలకు పైగా నోరు కట్టుకున్నదంతా కాళ్ళు చెప్పేశాయి.

అప్పుడే అవతలి పక్క చూసింది. చెట్టుకు ఉత్తరాన, పనివాళ్ళ బండి దారి వైపు నుంచి, ఇంకొక వరస దిమ్మలు వస్తున్నాయి. చిన్న అడుగులు, దగ్గర దగ్గరగా. ప్రతి రెండు అడుగులకూ పక్కన సాసరంత గుండ్రటి మంచుబిళ్ళ. అవి మానుకు కొంచెం దూరంలో ఆగిపోయి, అక్కడ ఎవరో చాలాసేపు, చాలాసార్లు నిలబడినట్టు పలకలా బిగుసుకున్నాయి.

ఎవరివో ఆలోచించే తీరిక లేకపోయింది. గబగబా పొయ్యి గదికి వచ్చింది. అందరూ కూర్చునే ఉన్నారు. తలుపు పక్కన గోడకు స్కీ కర్ర ఆనించి ఉంది, దాని అడుగున సాసరంత గుండ్రటి చక్రం. ఆర్డిస్ దాన్ని చూసింది. మూల కుర్చీలో డాగ్నీ తల ఎత్తలేదు, ఊలు అల్లుతూనే ఉంది. కాకపోతే కుట్లు తప్పుతున్నాయి.

వంతులు మొదలయ్యాయి. ఆర్డిస్ దగ్గరికి రాగానే ఆరిన్ కాఫీ పోసుకుంటూ, "ఏం ఆర్డిస్, ఈ వారం మంచు కూడా కరిగిపోయిందే. ఇంక ఏం చూసి ఉంటావ్?" అన్నాడు.

"కసాయి పిట్టను చూశాను" అంది ఆర్డిస్.

 ఎలుకల్ని పట్టి ముళ్ళకు గుచ్చి దాచుకునే ఆ బూడిదరంగు పిట్ట ఆ తోటలో కనిపించి ఏళ్ళయింది. కుర్చీలు కిర్రుమన్నాయి. మార్లిస్ ముందుకు వంగి ఎక్కడని అడిగింది. తూర్పు చిత్తడి ఒడ్డున, ముళ్ళపొదల్లో అంది ఆర్డిస్. సెడార్లకు అది తోట అవతలి కొస. ఎప్పుడని అడిగారు. నిన్న పొద్దున్న అంది. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి కదా, చెవులు కాలిపోతున్నాయి.

ఆరిన్ కప్పు కింద పెట్టాడు. "నిన్నా? చిత్తడి దారికి మొన్న సాయంత్రమే నేను తాడు కట్టానే, జారుతోందని. ఆ తాడు ఎలా దాటావ్?"

ఆర్డిస్ నోరు తెరిచింది.  

"కింద నుంచి దూరాం" అంది మూల నుంచి డాగ్నీ. అందరూ అటు తిరిగారు. ఆవిడ సూదులు ఒళ్ళో పెట్టింది. "నేనూ ఉన్నాను. దాని నోట్లో ఎలుక తోక వేలాడుతోంది కూడా. తాడు కుర్రాళ్ళ కోసం కట్టావనుకున్నాం ఆరిన్. ముసలివాళ్ళు పడితే పడ్డారని నీ ఉద్దేశం కాకపోతే ఇసక బకెట్టు పట్టుకుని జారేచోటల్లా చల్లుతూ ముందు నడు."

నాలుగో తరగతిలో ఆవిడ చేత క్యారెట్లు బలవంతంగా తినిపించుకున్న ఆరిన్ మారుమాట లేకుండా బకెట్టు తీసుకున్నాడు.

అందరూ తూర్పుకు కదిలారు. ఆర్డిస్‌ది ముందు వరస. మార్లిస్ ఆవిడ మోచేయి పట్టుకుని, ఐసు ఉన్నచోటల్లా మెల్లగా దాటించింది. ఎటు ఎగిరింది, కూత విన్నావా, తోకలో తెలుపు చూశావా అని ఆరిన్ అడుగడుక్కీ అడిగాడు, ఒక్క జోకూ వేయకుండా. లోవెల్ పోయాక ఇన్ని ప్రశ్నలు ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. లేని పిట్ట గురించి చెబుతూ చెబుతూ, ఆర్డిస్ తన గొంతు వెచ్చబడటం విని సిగ్గుపడింది. సంతోషం మాత్రం నిజమైనదే. అదే బాధ.

చిత్తడి దగ్గర ముళ్ళపొదలు ఖాళీగా ఉన్నాయి. గాలికి ఎండు రెల్లు గలగలలాడింది. గడ్డకట్టిన నీళ్ళ మీద నక్క ఒకటి అర్ధరాత్రి నడిచిన జాడ ఉంది, నీటెలుక గూడు దగ్గర ఆగి, వాసన చూసి, పోయింది. చాలాసేపు నిలబడ్డారు. చలికి కాళ్ళు మొద్దుబారాయి. చివరికి ఆరిన్ కెమెరాకు మూత బిగించి, "ఇద్దరమ్మలకీ ఒకే కల వచ్చిందన్నమాట" అన్నాడు. జనం నవ్వారు. మార్లిస్ పోనీలే, ఎగిరిపోయి ఉంటుందంది గాని, మోచేయి వదిలేసింది. తిరుగుదారిలో అందరూ వేరే కబుర్లలో పడి ముందుకు సాగిపోయారు. ఇక మీదట ఆర్డిస్ ఏం చూశానన్నా ఎవరూ లేవరని ఆవిడకు తెలుసు.

వెనక స్కీ కర్ర టక్కుటక్కుమంది. డాగ్నీ వచ్చి పక్కన చేరింది. 

"పాత అడుగుల్లోనే తొక్కావు కదూ అమ్మాయ్" అంది డాగ్నీ.

డెబ్బై దాటిన ఆర్డిస్ అమ్మాయి అయినందుకు చిన్నగా నవ్వింది. "మీరూ అంతేగా."

"అంతే. ఇద్దరికీ తెలివెక్కువై." డాగ్నీ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "శనివారం మంచు పడుతుందంటున్నారు. అదంతా కప్పేస్తుంది. ఆ తర్వాత ఇంక వెళ్ళకూడదు."

తాను మానేస్తానని, డాగ్నీని వెళ్ళమని ఆర్డిస్ అనబోయింది. అనడానికి మనసు ఒప్పలేదు, అనకుండా ఉండటానికీ ఒప్పలేదు. డాగ్నీ అది కనిపెట్టింది.

"ఒకరు వెళ్తే రెండోవాళ్ళు కుళ్ళుకుంటారు. ఇద్దరం మానేద్దాం."

"సరే" అంది ఆర్డిస్. అనగానే గుండెలో ఏదో ఖాళీ అయింది.

 తర్వాత డాగ్నీ, ఎటో చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "దాని ముఖం ఎలా ఉంటుంది?"

ఆర్డిస్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. డాగ్నీ వచ్చింది ఉత్తరం వైపు నుంచి. అది కూర్చునేది దక్షిణానికి తిరిగి. చుట్టూ తిరిగి వెళ్తే కొత్త అడుగులు పడతాయని, అది బెదురుతుందని, ఆ ముసలమ్మ ఇన్నాళ్ళూ దాని వీపే చూసుకుంటూ నిలబడింది.

అప్పుడు ఆర్డిస్ చెప్పింది. కళ్ళ మధ్య నుంచి పైకి విచ్చుకున్న తెల్లటి గీతలు, పిల్లి మీసాల్లాంటి ముక్కు పక్క ఈకలు, నిద్రలో కనురెప్ప కింద నుంచి పైకి లేవడం, గాలి వేస్తే బుగ్గల మీద బొచ్చు పాయలు తీసినట్టు విడిపోవడం. ఎలుకను పొదిగేటప్పుడు దానికి వచ్చే పెద్దమనిషి తరహా. మధ్యలో డాగ్నీ ఒక్క మాటా అడ్డం రాలేదు. ఒకచోట నడవడం మరిచిపోయి ఆగిపోయింది. కాఫీలో బిస్కట్ విరిగి పడ్డట్టే అనిపించింది ఆర్డిస్‌కు. గేటు దాకా చెబుతూనే ఉంది. అక్కడ డాగ్నీ మేనల్లుడి కారు ఆగి ఉంది. ఆవిడ ఎక్కుతూ, "వీపు మీద చుక్కలున్నాయి, తెల్లవి. నువ్వు చూసి ఉండవు" అని మాత్రం అని, తలుపు వేసుకుంది.

శనివారం మంచు పడింది. దిమ్మలన్నీ మునిగిపోయాయి. దాని వెనకే పెద్ద చలి దిగింది. అంత చలిలో గురువారం పొద్దున్న గాల్లో తేలే మంచు పలుకుల్లో వెలుగు విరిగి, సూర్యుడికి అటూ ఇటూ రెండు దొంగ సూర్యుళ్ళు లేచారు. పొయ్యి చుట్టూ వంతులు నడిచాయి. మంచే అంది ఆర్డిస్. చలే అంది డాగ్నీ. పళ్ళెం ఒకరి నుంచి ఒకరికి వెళ్ళింది. అందరి మధ్యా ఆ సంగతి ఎత్తడానికి లేదు, అది తప్ప మాట్లాడుకోవడానికి ఇద్దరికీ వేరే సంగతీ లేదు. డాగ్నీ మూలనే కూర్చుంది.

నడకలో ఆర్డిస్ చివర నడిచింది. సెడార్ల మలుపు వచ్చింది. బాటకూ ఆ చెట్టుకూ మధ్య మంచు ఒక్క మచ్చ లేకుండా పరుచుకుని ఉంది. గుడ్లగూబ ఇంకా అక్కడ ఉందో, ఈ చలికి ఎటో ఎగిరిపోయిందో తెలుసుకునే దారి లేదు. ముందు డాగ్నీ కర్ర ఒక్క క్షణం తడబడి, మళ్ళీ సాగింది. ఆర్డిస్ స్కార్ఫ్ ముక్కు మీదికి లాక్కుని, ఎదర వెళ్ళేవాళ్ళ వీపులే చూస్తూ నడిచింది. అటు తల తిప్పలేదు. తల తిప్పినా ఎవరో ఒకరు చూస్తారు.